జాగ్రత్త: ‘1973 లైవ్’ పేరుతో చప్పట్లు అమ్ముతున్నాడు

మన రికార్డుల గ్రూపులో ఉన్నవాళ్లకి ఆయనెవరో చెప్పక్కర్లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే మంచం మీద నెమళ్ల దుప్పటి పరిచి, దాని మీద ఎల్పీలు పేర్చి ఫొటోలు పెడతాడే, ఆయనే. పేరు రాస్తే లేనిపోని గొడవ, రాయను. దుప్పటి గుర్తుందిగా, చాలు.

రాత్రి రెండు దాటింది. నిద్ర పట్టక రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

పోయింది 9,500. కొరియర్‌కి ఇంకో 350. రెండు రికార్డులకి. ఒకటి జెనసిస్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్‌ది, 1973 అక్టోబర్ లండన్ కచేరీ అన్నాడు. రెండోది యెస్ అనే ఇంకో బ్యాండ్‌ది, 1972 డిసెంబర్, లండన్ రెయిన్‌బో థియేటర్. ‘సౌండ్‌బోర్డ్ నుంచి, అంటే కచేరీ మైకుల మిక్సర్ నుంచి నేరుగా తీసింది సార్, యూరప్‌లో 300 కాపీలే కొట్టారు, మీలాంటి విన్నవాళ్లకే ఇస్తా’ అన్నాడు. ఆ చివరి ముక్కకే పడిపోయా. పొగిడితే మునగచెట్టు ఎక్కేస్తానని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. కంపెనీ ముద్ర లేని సరుకు కొనడమే తప్పంటే, అది నా తప్పే. ఆ నీతులు రేపు చెబుదురుగాని, ముందు ఇది వినండి.

ఎందుకు ఎగబడ్డానో ఆ పిచ్చి ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. ఆ జెనసిస్ రికార్డులో ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ అనే పాట ఉంది. స్టూడియోలో దాన్ని పాడింది అప్పటి గాయకుడు పీటర్ గేబ్రియల్. వాళ్ల కచేరీ ఆల్బమ్ ‘జెనసిస్ లైవ్’లో ఈ పాట ఉండే అవకాశమే లేదు. దానికి టేపులు ఎక్కించింది 1973 ఫిబ్రవరిలో, ఈ పాట ఉన్న ఆల్బమ్ వచ్చింది ఆ తర్వాతే. తర్వాత 1977లో ‘సెకండ్స్ ఔట్’ అనే ఇంకో లైవ్ ఆల్బమ్ వచ్చేసరికి గేబ్రియల్ లేడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడాడు. పైగా అందులో కీబోర్డులు వాయించే టోనీ బ్యాంక్స్ మొదట్లో వాయించే ఆ పియానో ముక్క మొత్తం ఎగరగొట్టి నేరుగా పాటలోకి దూకేస్తారు. గిటారిస్టు హ్యాకెట్ సోలో మాత్రం నాకు స్టూడియోది కన్నా అందులోదే ఇష్టం, ఒక్కో స్వరాన్ని పట్టుకుని వదలడు. అది వేరే సంగతి. గేబ్రియల్ గొంతుతో, పియానోతో సహా లైవ్ కావాలంటే 1998లో వచ్చిన పాత రికార్డింగుల ఆర్కైవ్ పెట్టె ఉంది, 1973 అక్టోబర్ 20న రెయిన్‌బోలో చేసిన కచేరీ. అది సీడీలు. నాకేమో వినైల్ (ఎల్పీ రికార్డు) మీదే కావాలి. అదీ జబ్బు.

నలభై సెకన్ల వీడియో పంపాడు. రికార్డు తిరుగుతోంది, జనం గోల, చప్పట్లు, ఒక ఈల, పియానో మొదలవగానే ఆగిపోయింది. మూడుసార్లు చూసుకున్నా. మూడుసార్లూ ఒంటిమీద వెంట్రుకలు లేచాయి. సిగ్గు లేకుండా చెబుతున్నా, ఆఫీసులో బాత్రూమ్‌లో నిలబడి చూశా. బయటికొచ్చి డబ్బులు పంపేశా.

నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది. అట్ట బాగానే ఉంది. రికార్డు తుడిచి, పెట్టి, లైటు ఆర్పి కూర్చున్నా. చప్పట్లు. ఈల. పియానో. అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది అనుకున్నా. అక్కడే బుర్ర వెలగాలి. స్టేజి మీద బ్యాంక్స్ దగ్గర ఉండేది ఎలక్ట్రిక్ పియానో, దాని మోత వేరు. ఇక్కడ వినపడేది నిండైన పెద్ద పియానో. మనసు ఒప్పుకుంటే చెవి ఏం చేస్తుంది? ‘సౌండ్‌బోర్డ్ కదా, అందుకే ఇంత బాగుంది’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

పట్టుకుంది మా ఆవిడ. వినండి, నేను పాతికేళ్లుగా ఈ సంగీతం వింటున్నా. హాస్టల్లో సీనియర్ దగ్గర క్యాసెట్టు అడుక్కుని, అది నలిగిపోతే పెన్సిల్‌తో చుట్టుకుని మళ్లీ విన్నవాణ్ని. మా ఆవిడ ఈ పాటలో ఒక్క మాట కూడా వినదు, వినాలనీ లేదు. పక్క గదిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. అక్కణ్నుంచే అంది: ‘ఆ ఈల వేసేవాడికి వేరే పని లేదా అండీ? ఇందాకట్నించీ అక్కడే, అదే ఈల వేస్తున్నాడు.’

ముల్లు ఎత్తి వెనక్కి పెట్టా. ఈల. ఒక ఆడమనిషి కేక. ఎవరో దగ్గు. చప్పట్లు కాస్త పెరిగి తగ్గడం. మళ్లీ ఈల, అదే కేక, అదే దగ్గు. ఫోన్‌లో టైము పెట్టి చూశా, పద్నాలుగు సెకన్లకోసారి. పియానో అయ్యాక వచ్చే హోరులోనూ ఇవే. ఫ్లూట్ మెల్లగా మొదలయ్యే చోట కూడా వెనకాల ఆ దగ్గు వినిపిస్తోంది. 1973 లండన్‌లో ఒకడికి దగ్గు పట్టుకుంది, పద్నాలుగు సెకన్లకోసారి తప్పకుండా దగ్గుతూనే ఉన్నాడు, పక్కనున్నవాడు ఈల వేస్తూ వాణ్ని ఓదారుస్తున్నాడు.

అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. ఫోన్‌లో స్టూడియో పాట పెట్టి, వైరుతో ఆంప్లిఫైయర్‌కి తగిలించి, రెండూ ఒకేసారి మొదలుపెట్టా. మీట ఇటు తిప్పితే రికార్డు, అటు తిప్పితే స్టూడియో. రికార్డు కాస్త వేగంగా తిరుగుతోంది కాబట్టి మధ్యలో మూడుసార్లు ఆపి కలుపుకోవాల్సి వచ్చింది. ఫ్లూట్ దగ్గర తిప్పా, సింథసైజర్ దగ్గర తిప్పా, అదే ఫ్లూట్ వరసని హ్యాకెట్ గిటార్ మీద ఎత్తుకునే చోట తిప్పా. చప్పట్లు వస్తాయి, పోతాయి, అంతే తేడా. మనిషన్నవాడు ఒకే సోలోని రెండు రాత్రులు వాయిస్తే ఎక్కడో ఒకచోట గోరంతైనా తేడా రాదా? ఇక్కడ అది కూడా లేదు.

ఇక చివర. స్టూడియోలో ఆ పాట ఎలా అయిపోతుందో తెలుసుగా, బ్యాంక్స్ పియానో వాయిస్తూ ఉండగానే శబ్దం తగ్గుతూ తగ్గుతూ మాయమైపోతుంది. ఈ ‘లైవ్’లో కూడా అంతే! పియానో మెల్లగా వెళ్లిపోయింది, ఆ మీద చప్పట్లు పెద్దవయ్యాయి. నడుస్తున్న కచేరీలో వాయించేవాడు వాయిస్తుండగానే గాల్లో కలిసిపోయాడన్నమాట, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారన్నమాట. నా చెవిలో పువ్వు కాదు, కాలీఫ్లవర్ పెట్టాడు.

రెండోది పెట్టే ఓపిక లేదు, అయినా పెట్టా. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అనే యెస్ పాట. అట్ట మీద డ్రమ్స్ అలన్ వైట్ అని రాసి ఉంది, అంతవరకు లెక్క సరిగానే ఉంది. స్టూడియోలో డ్రమ్స్ వాయించిన బిల్ బ్రూఫర్డ్ ఆ ఆల్బమ్ అయిపోగానే కింగ్ క్రిమ్సన్ అనే బ్యాండ్‌కి వెళ్లిపోతే, వైట్ మూడు రోజుల్లో పాటలన్నీ నేర్చుకుని 1972 జులై 30న డల్లాస్‌లో స్టేజి ఎక్కాడు. ఆ గాబరా, ఆ బరువు ‘యెస్‌సాంగ్స్’ అనే లైవ్ ఆల్బమ్‌లో వినిపిస్తుంది, బ్రూఫర్డ్ గీత గీసినట్టు వాయించిన చోట వైట్ గుద్దుతాడు, పాట ఉరుకుతుంది. ఈ పాటకి స్టూడియో గొప్పా లైవ్ గొప్పా అని మనం ఎన్నిసార్లు కొట్టుకున్నాం ఇక్కడ! నేనెప్పుడూ స్టూడియో వైపే. సరే, ఈ రికార్డులో వైట్ పేరు, బ్రూఫర్డ్ చెయ్యి. మధ్యలో ఆర్గన్ వస్తుందే, అది కీబోర్డులు వాయించే రిక్ వేక్‌మన్ లండన్‌లో సెయింట్ జైల్స్ చర్చిలో ఉన్న గొట్టాల ఆర్గన్ మీద వాయించింది. గోడకి కట్టిన ఆర్గన్‌ని పెకలించి రెయిన్‌బోకి లారీలో తెచ్చారేమో మరి. ఆ చర్చి గోడల ప్రతిధ్వనితో సహా తెచ్చారు. వెనకాల మళ్లీ మన దగ్గు అన్నయ్య. లండన్‌లో ఏ కచేరీ జరిగినా టికెట్టు కొంటాడు పాపం.

ఫోన్ చేశా. ఇదీ అసలు చెప్పాల్సింది.

డబ్బు పంపకముందు నేను ‘సార్’, ‘మీరు’. ఫోన్ ఎత్తగానే కూడా ‘చెప్పండి సార్, అందిందా సార్’ అన్నాడు. ఇది స్టూడియో పాటండీ, పైన చప్పట్లు అతికించారు అన్నా. ‘అలా ఏం ఉండదు బాస్, వాళ్లు అంత పర్ఫెక్టుగా వాయిస్తారు, అందుకే కదా అంత పేరు’ అన్నాడు. సార్ పోయి బాస్ వచ్చింది. మరి చివర్లో పాట అలా సన్నగిల్లిపోయిందేంటండీ, స్టేజి మీద ఎలా కుదురుతుంది అని అడిగా.

ఆయన ఏమన్నాడో చూడండి. ‘వాయించుకుంటూ దూరంగా వెళ్లిపోయారేమో’ అన్నాడు. అని నవ్వాడు. పక్కన ఇంకెవరో ఉన్నారు, వాడూ నవ్వాడు.

నాకు మాట రాలేదు. నిజం చెబుతున్నా, 9,500 పోయినందుకు కాదు, ఆ పక్కవాడి నవ్వు దగ్గర నా మొహం వేడెక్కిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నాడు: ‘చూడు బ్రదర్, ఇది పదకొండు మంది తీసుకున్నారు. ఒక్కడూ ఏమీ అనలేదు. నువ్వొక్కడివే అడుగుతున్నావు. చప్పట్లు వినిపించాయా లేదా? లైవ్ అంటే అదేగా?’ బ్రదర్ అయ్యాక నువ్వు అయిపోయాను.

ఆ తర్వాత నాకే పాఠం చెప్పాడు. అన్ని లైవ్ ఆల్బమ్‌లూ అంతేనట, స్టూడియోలో సరిచేసినవేనట. జెనసిస్ ఆర్కైవ్ పెట్టెలో 1975 ‘ల్యాంబ్’ ఆల్బమ్ కచేరీకి గేబ్రియల్ ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పాడలేదా అన్నాడు. ఒళ్లు మండింది ఇక్కడే, ఎందుకంటే అది నిజం. స్టేజి మీద వేసుకున్న ఆ వేషాల్లో మైకు నోటికి అందక మాటలు సరిగా పడలేదు, తర్వాత మళ్లీ పాడాడు, అందరికీ తెలిసిందే. కానీ పాడింది ఆయనే, వాయించింది చాలావరకు ఆ రాత్రిదే. అతుకు వేసిన చొక్కాకీ, అట్టముక్క మీద చొక్కా బొమ్మ గీసి అమ్మడానికీ తేడా లేదా? ఇంకో మాట నోటిదాకా వచ్చింది, అప్పటికే ఫోన్ పెట్టేశాడు. కింగ్ క్రిమ్సన్ 1974లో ‘స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్’ అనే ఆల్బమ్ వేశారు. అందులో సగం పైగా ఆమ్‌స్టర్‌డామ్ వగైరా కచేరీల్లో వాయించిందే, జనం గోల మాత్రం తీసేశారు. ‘ట్రియో’ అన్న ముక్కలో బ్రూఫర్డ్ కర్రలు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని ఒక్క దెబ్బ కూడా వేయలేదు, వేయనందుకే రచయితల్లో పేరు ఇచ్చారు. వాళ్లు నిజమైన కచేరీలోంచి చప్పట్లు తీసేస్తే, ఈ మహానుభావుడు ఆ చప్పట్లు తెచ్చి స్టూడియోకి అతికించాడు. లెక్క సరిపోయింది.

మళ్లీ చేస్తే నంబరు బ్లాక్. గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ పావుగంటలో మాయం, ఆయనే అడ్మిన్ అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. యూపీఐలో నా చేత్తో నేనే పంపాను కాబట్టి బ్యాంకువాళ్లు కూడా ఏం చేయలేమన్నారు. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది, ‘చప్పట్లకి తొమ్మిదివేల ఐదొందలా అండీ?’ అని. అడిగి, నేనే కొడతానులే అని నిజంగా రెండుసార్లు కొట్టి వెళ్లి పడుకుంది.

ఆ పదకొండు మందిలో మీరెవరైనా ఉంటే దయచేసి ఇంటికెళ్లి మళ్లీ వినండి. దగ్గు కోసం వినండి. ఇకమీదట ఎవరి దగ్గర కొన్నా వీడియో పాట మొదలు కాదు, చివర అడగండి. రికార్డు మధ్యలో లేబుల్ పక్కన ఖాళీ జాగాలో గీసి ఉండే నంబరు ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ఇవన్నీ నాకూ తెలుసు, నేనే ఇంకొకరికి చెప్పినవాణ్ని, ‘మీలాంటి విన్నవాళ్లకే’ అనేసరికి మర్చిపోయా.

ఇది రాస్తూ రాస్తూ తమ్ముడి ఫోన్‌లోంచి గ్రూపు తెరిచి చూశా. నెమళ్ల దుప్పటి మీద అదే అట్ట. ‘జెనసిస్ 1973, ఆఖరి కాపీ, ముందొచ్చినవాళ్లకే.’ నాకు అమ్మినప్పుడూ అది ఆఖరి కాపీయే. ధర 5,200కి పెంచాడు.