మంచు ఫోర్‌కాస్ట్‌ను నమ్మి స్కీయింగ్‌కు బయల్దేరవచ్చా? చాలా చలికాలాల వాడకం తర్వాత

స్కీయింగ్‌కు వెళ్లే ముందు మంచు ఫోర్‌కాస్ట్ చూడటం నాకు చాలా చలికాలాలుగా అలవాటు. ఉచిత యాప్‌లు వాడాను, డబ్బు కట్టీ వాడాను. ఐదు రోజుల లోపు విషయంలో ఇవి బాగానే పనికొస్తాయి. పది రోజులు దాటితే మాత్రం గాలిలో దీపమే. ఇంకో తిరకాసు ఏమిటంటే, యాప్ తెరవగానే పెద్ద అక్షరాల్లో కనిపించేది ప్రయాణం నిర్ణయించుకోవడానికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే అంకె.

అదే సెంటీమీటర్ల లెక్క. శనివారం 35 సెం.మీ. అని కనబడితే ఎవరికైనా వెంటనే గది బుక్ చేసేయాలనిపిస్తుంది. కానీ మోడల్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) మొదట లెక్కగట్టేది నీటిని, అదీ మిల్లీమీటర్లలో. దాన్ని మంచుగా మార్చడానికి చాలాచోట్ల 1 మి.మీ. నీటికి 1 సెం.మీ. మంచు అనే మోటు లెక్క వాడేస్తారు. సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచైతే అంత మందం రాదు, సగం వస్తే గొప్ప. గట్టి చలిలో, గాలి లేనప్పుడు పడితే అదే నీటికి ఒకటిన్నర, రెండు సెం.మీ. దాకా పొంగుతుంది. అందుకే నేను సెంటీమీటర్లు పట్టించుకోను. నీరు ఎన్ని మిల్లీమీటర్లు, ఆ వేళకు ఉష్ణోగ్రత ఎంత అన్నవి చూస్తాను. 25 మి.మీ. నీరు, మైనస్ 10 డిగ్రీలు అని ఉంటే పౌడర్, అంటే తేలికైన పొడి మంచు, ఖాయం అనుకోవచ్చు. అదే 25 మి.మీ. సున్నా దగ్గర పడితే మలుపు తిప్పిన ప్రతిసారీ మోకాళ్లు మొత్తుకుంటాయి.

ఇంతకంటే ముఖ్యమైనది ఫ్రీజింగ్ లెవెల్, అంటే గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, ఒకే కొండ మీద కింద వాన, పైన మంచు పడటం మామూలే. మంచు సాధారణంగా ఫ్రీజింగ్ లెవెల్‌కు 200, 300 మీటర్లు కిందిదాకా నిలబడుతుంది. జోరుగా కురుస్తుంటే ఇంకా కిందికి దిగుతుంది, ఎందుకంటే కరిగే మంచు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేస్తుంది. లిఫ్టులు 1,200 మీటర్ల దగ్గర మొదలై 2,400 దగ్గర ఆగే రిసార్ట్ ఉందనుకోండి. ఫ్రీజింగ్ లెవెల్ 1,900 అంటే పై సగంలో సంబరం, కింద గొడుగు. మామూలు వెదర్ యాప్ ఇదేమీ చెప్పదు. ఊరి ఉష్ణోగ్రత చూపించి ఊరుకుంటుంది. స్నో ఫోర్‌కాస్ట్ డాట్ కామ్‌లో కింద, మధ్య, పైన అని మూడు ఎత్తులకు విడివిడిగా అంచనా ఉంటుంది. చూడటానికి పాతకాలపు పట్టికలా ఉన్నా నేను ఇప్పటికీ ముందు తెరిచేది దాన్నే.

నేను తెరిచే రెండోది విండీ అనే వెదర్ యాప్. ఇందులో నాకు నచ్చింది రంగుల మ్యాప్ కాదు (అది అందంగా ఉంటుంది, గంటలు తినేస్తుంది), ఒకే చోటికి వేర్వేరు మోడళ్లు ఏమంటున్నాయో పక్కపక్కన పెట్టి చూసే వీలు. మోడళ్లు నేలను గడులుగా (గ్రిడ్‌గా) విడగొట్టి లెక్కగడతాయి. యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌లో గడి 9 కి.మీ., అమెరికా వారి జీఎఫ్‌ఎస్ సుమారు 13. అంత పెద్ద గడుల్లో నిటారు శిఖరాలు అరిగిపోయిన గుట్టల్లా మారిపోతాయి. ఫ్రాన్స్ వారి ఆరోమ్ 1.3 కి.మీ. దాకా సన్నగా చూస్తుంది గానీ దాని చూపు సుమారు రెండు రోజులే. ఒక మోడల్ 40 సెం.మీ. అని, ఇంకోటి 5 అని చెబితే చాలామంది సగటు తీసి 22 అనుకుంటారు. తుపాను ఇటు తిరిగితే 40, అటు తప్పుకుంటే 5. ఆ మధ్య అంకెకు చాలాసార్లు అర్థమే ఉండదు. అలాంటప్పుడు నేను బుక్ చేయను, ఇంకో రెండు రోజులు చూస్తాను. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అంకె గంతులేస్తుంటే మోడల్‌కే ఇంకా తేలలేదన్నమాట.

గాలి సంగతి చాలామంది చూడనే చూడరు. మంచు ఎంత బాగున్నా గాలి గంటకు 60, 70 కి.మీ. దాటితే పై లిఫ్టులు ఆపేయడం మామూలు. ఇక గాలి దిక్కును బట్టి కొండకు ఏ వైపు మంచు పడేదీ తేలుతుంది. ఆల్ప్స్‌లో వాయవ్య గాలి ఉత్తరపు వాలులను నింపుతుంది. దక్షిణ గాలి వీస్తే ఇటలీ వైపు కుండపోతగా మంచు, ఉత్తరాన మాత్రం ఫ్యోన్ అనే వెచ్చటి పొడి గాలి ఉన్నదాన్నీ కరిగించేస్తుంది. జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలో సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా తేమ మూటగట్టుకుని వస్తుంది. సన్నటి మేఘాల పట్టీల నుంచి కురిసే ఆ మంచును ముతక గ్రిడ్ మోడళ్లు తక్కువ చేసి చూపడమే నేను ఎక్కువగా చూశాను.

వసంతంలో లెక్క మొత్తం మారిపోతుంది. అప్పుడు కొత్త మంచు కోసం వెతకడం మానేసి రాత్రి ఆకాశం చూడాలి. మబ్బులేని రాత్రయితే పైపొర వేడి కోల్పోయి గట్టిగా బిగుస్తుంది, పొద్దెక్కాక పై రెండు సెంటీమీటర్లు మెత్తబడి హాయిగా జారుతుంది. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే బిగవదు, ఉదయానికే బురద. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, పడమర వాలు మధ్యాహ్నానికి. ఇది ఏ యాప్‌లోనూ ఒక ఐకాన్‌గా ఉండదు గానీ, మబ్బుల గ్రాఫు చూస్తే తెలిసిపోతుంది.

రిసార్టులు ప్రకటించే మంచు లోతును నేను సగమే నమ్ముతాను. ఒక రిసార్ట్ వారం రోజుల వెచ్చటి వాన తర్వాత కూడా అదే లోతు చూపిస్తూ కూర్చుంది. కొలకర్ర కనిపించే వెబ్‌క్యామ్ ఉంటే అదే చూస్తాను, లేకపోతే పార్కింగ్‌లోని కార్ల కప్పుల మీద ఎంత మంచు పేరుకుందో చూస్తాను.

ఒక్క విషయంలో మాత్రం ఈ యాప్‌లన్నీ పనికిరావు. గ్రూమింగ్ చేసిన (యంత్రాలతో చదును చేసిన) స్లోపులు దాటి వెళ్లేవాళ్లు మంచుచరియల బులెటిన్ వేరుగా చదవాల్సిందే. ప్రమాద స్థాయిలు ఐదు కాబట్టి 3 అంటే మధ్యస్థం అనుకుంటారు. కాదు, ఒక్కో మెట్టుకు ప్రమాదం అమాంతం పెరుగుతుంది, 3వ స్థాయి రోజుల్లో చాలా ప్రాణాలు పోయాయి. 30 డిగ్రీలకు మించిన వాలు, రాత్రి వీచిన గాలి పోగేసిన మంచు, పైన మెరిసే సూర్యుడు: ఇవి కలిస్తే ప్రమాదమే, కానీ యాప్‌లో ఆ రోజుకు చక్కటి ఎండ బొమ్మే కనబడుతుంది.

డబ్బు కట్టాలా? గంటగంటకీ అంచనా, 15 రోజుల అంచనా అని అమ్మేవాటికి నేను కట్టడం మానేశాను. ఆ అదనపు రోజులు ఊహే. ఓపెన్‌స్నో అనే మంచు ఫోర్‌కాస్ట్ యాప్‌లో మాత్రం ఆ ప్రాంతం తెలిసిన మనిషి రోజూ రాసే నోట్ ఉంటుంది. మోడళ్లు ఎందుకు తగువులాడుతున్నాయో, తను దేన్ని ఎందుకు నమ్ముతున్నాడో అందులో చెబుతాడు. అలాంటి నోట్ ఉన్న ప్రాంతానికి వెళ్తుంటే ఒక సీజన్‌కు కడతాను, లేకపోతే ఉచితంగా దొరికేవి చాలు.