కొట్టేసిన చెట్టు కట్టె: వడ్రంగికా, రుద్రభూమికా, పొయ్యిలోకా?

ఈ వేసవి మొదలైన దగ్గర్నుంచి నలుగురు నన్ను ఇదే అడిగారు. ఒకరింట్లో గోడ మీదికి ఒరిగిన వేప, ఒకరి పెరట్లో ఎండిపోయిన మామిడి, ఇంకొకరి వాకిట్లో కరెంటు తీగలకు తగులుతున్న నిద్రగన్నేరు. కొట్టించక తప్పదు. "అమ్ముకోవాలని లేదు, ఊరికే ఇచ్చేస్తాం. ఎవరికిస్తే మంచిది?" అని. కిందటేడు సంక్రాంతి వెళ్ళాక మా ఇంటి వేపను కొట్టించినప్పుడు ఇదే ప్రశ్నతో నేను రెండు వారాలు తిరిగాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందుగా, అందరూ ఎక్కడ పొరపాటు పడుతున్నారో చెబుతాను. చెట్టు కొట్టించేసి, కట్టె కుప్ప పడ్డాక, అప్పుడు ఎవరికివ్వాలా అని ఆలోచిస్తున్నారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. కొట్టేవాళ్ళకు వాళ్ళ సౌకర్యం ముఖ్యం. మిషన్ రంపం పట్టుకుని మానును రెండడుగులకో ముక్క, మూడడుగులకో ముక్క చేసేస్తారు. ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాలీలో వేయగలిగితే చాలు వాళ్ళకు. ఒక్కసారి అలా కోశాక అది వంటచెరకే. నలభై ఏళ్ళ వేపైనా, నూరేళ్ళ చింతైనా సరే, రెండడుగుల ముక్కతో గుమ్మం రాదు, మంచం పట్టె రాదు. కట్టె ఎవరికి చేరుతుందన్నది మన మంచి మనసు కన్నా ముందు మాను మీద రంపం పెట్టే చోటు తేలుస్తుంది. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఆ పొడవే. మిగతావన్నీ తర్వాత.

మా విషయంలో ఈ సంగతి చెప్పింది మా వీధి చివరి వడ్రంగి ఆచారి గారు. చెట్టు కొట్టించే ముందు రోజు వచ్చి చూసి, మాను చుట్టూ టేపు పెట్టారు. చుట్టుకొలత ఆరడుగులు. కొమ్మలు విడిపోయే చోటు దాకా ఎనిమిది అడుగులకు కాస్త పైన. "అమ్మా, ఎనిమిది అడుగులు ముట్టుకోవద్దనండి. గుమ్మానికి ఏడడుగుల నిలువు కమ్మీలకు అటూ ఇటూ పగుళ్ళకు పోను ఇంత ఉండాలి" అన్నారు. కట్టె లెక్క నాకు అప్పుడే తెలిసింది. చుట్టుకొలతను నాలుగుతో భాగిస్తే అడుగున్నర. అడుగున్నరను అడుగున్నరతో, దాన్ని ఎనిమిదితో గుణిస్తే 18 ఘనపుటడుగులు. దాంట్లో పైనున్న తెల్లచెక్క తీసేసి, ఎర్రగా ఉండే చేవ మాత్రమే వాడినా మూడు దర్వాజాలు, రెండు కిటికీ చట్రాలు వస్తాయన్నారు. అన్నట్టుగానే వచ్చాయి.

అందుకే మొదటి మాట వడ్రంగి గురించి. మాను నిటారుగా ఉండి, చేవ పట్టి ఉంటే, ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళెవరికైనా దాన్ని దుంగగా ఇవ్వడమే అన్నిటికన్నా మేలు అని నా నమ్మకం. వేప చేవకు చెద అంత తేలిగ్గా పట్టదు, పైగా చెక్క గట్టిది. టేకు కొనలేని ఇంట్లో అది రెండు తరాలు నిలుస్తుంది. మా ఇంట్లో పనికి సాయం వచ్చే అక్క వాళ్ళబ్బాయి అప్పుడు రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాడు. దుంగ వాళ్ళకే ఇచ్చాం. ఇప్పుడు వాళ్ళ వీధి గుమ్మానికి పసుపు రాసి ఉంటుంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నా చూపు దాని మీదికే పోతుంది.

దీంట్లో కష్టాలు లేవని కాదు. మొదటిది బరువు. పచ్చి దుంగను నలుగురు మనుషులు కదల్చలేకపోయారు. కింద గుండ్రటి కొయ్యలు వేసి దొర్లించి, ట్రాక్టరు ట్రాలీకి వాలు బల్ల ఆనించి ఎక్కించారు. రెండోది కోత మిల్లు. ఇంటి దగ్గరి చెట్లంటే మిల్లు వాళ్ళు వెనకాడతారు, లోపల మేకులుంటాయని. వాళ్ళ భయం నిజమే. మా వేపకు మా అమ్మ దండెం కట్టడానికి కొట్టించిన మేకు ఎప్పుడో చెక్కలో కలిసిపోయింది. బయట బెరడు మీద చిన్న మడత తప్ప ఏమీ కనబడదు. మిల్లులో రంపం దానికి తగిలి నిప్పురవ్వలు లేచి, బ్లేడు పళ్ళు రెండు విరిగాయి. ఆ ఖర్చు మేమే ఇచ్చాం. అందుకే దుంగ ఇచ్చేటప్పుడు మీకు గుర్తున్న మేకులు, ఇనుప తీగలు, ఊయల కొక్కేలు ఎక్కడెక్కడ కొట్టారో సుద్దముక్కతో గుర్తుపెట్టి ఇవ్వండి. పుచ్చుకునేవాళ్ళకు అంతకన్నా పెద్ద సాయం లేదు. మూడోది ఆరబెట్టడం. కోసిన రోజే దుంగ రెండు చివరలకూ పేడ గానీ, మిగిలిపోయిన పెయింటు గానీ దట్టంగా పూయాలి. లేకపోతే ఎండకు చివర్లు నోళ్ళు తెరిచినట్టు పగిలి, అడుగు పొడవు వృథా అవుతుంది. కొన్ని ఊళ్ళలో దుంగను కొన్ని నెలలు చెరువులో నానేసి తీస్తారు, పసరు పోయి పురుగు పట్టదని. మా దగ్గర చెరువు లేదు కాబట్టి నీడన ఉంచి, కోయించాక చెక్కల మధ్య బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చారు. నాలుగు నెలలు ముట్టుకోలేదు.

మామిడి ఉన్నవాళ్ళకు ఈ సలహా యథాతథంగా పనికిరాదు. మామిడి చెక్కను పురుగు తొందరగా తొలిచేస్తుంది. సెంట్రింగు పలకలకు, పెట్టెలకు వాడతారు తప్ప గుమ్మానికి పెట్టరు. కాబట్టి పొడవు కోసం తాపత్రయపడక్కర్లేదు. చింత అయితే వేరు సంగతి. మొదలు దగ్గర అడుగున్నర ఎత్తు మొద్దును అడ్డంగా కోయించి ఉంచండి, మాంసం కొట్టేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. వాళ్ళకు చింత మొద్దే కావాలి.

రెండోది రుద్రభూమి. వైకుంఠధామం అనండి, ఏమైనా అనండి. ఊళ్ళో కరెంటు దహనవాటిక ఉన్నా చాలామంది కట్టెనే కోరుకుంటారు. ఒక్క దహనానికి మూడు నాలుగు క్వింటాళ్ళ కట్టె కావాలి. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న ఇంట్లో చావు జరిగితే, ఆ గంటలో కట్టె ఎక్కణ్ణుంచి తేవాలా అన్నదే పెద్ద టెన్షన్. ఇది నాకు చెప్పుడు మాట కాదు. మా నాన్నగారు పోయింది నడి వర్షాకాలంలో. అక్కడున్నది వారం కిందట కొట్టిన పచ్చి కట్టె. పైన తడి, లోపల పసరు. పొగ తప్ప మంట లేదు. చివరికి డీజిలు డబ్బా తెచ్చి పోయాల్సి వచ్చింది. ఆ వాసన మా తమ్ముడి చొక్కాకు రెండు ఉతుకుల దాకా పోలేదు.

అందుకే రుద్రభూమికి కట్టె ఇస్తామనేవాళ్ళను నేను ఒకటే అడుగుతాను: అక్కడ రేకుల షెడ్డు ఉందా? కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉంటాయి. షెడ్డు లేకపోతే మీరిచ్చిన కట్టె వానకు నాని, కిందివరస పుచ్చిపోతుంది. షెడ్డు లేకపోతే మీ పెరట్లోనే ఆరబెట్టి ఇవ్వండి. ఎలా అంటే, కొమ్మలను మూడడుగుల ముక్కలు చేయించి, పచ్చిగా ఉన్నప్పుడే గొడ్డలితో నిలువునా రెండుగా, నాలుగుగా చీల్పించాలి. ఎండాక చీల్చాలంటే గొడ్డలి ఎగిరి వెనక్కి వస్తుంది. కింద ఇటుకలు పరిచి, నేల తగలకుండా, పైన రేకు కప్పి, నాలుగు పక్కలా గాలి వదిలెయ్యాలి. మన ఎండలకు వేసవంతా ఉంటే చాలు. రెండు ముక్కలను ఒకదానికొకటి కొట్టి చూస్తే ఖంగుమంటుంది. పచ్చిదైతే దబ్బుమంటుంది. ఆ తేడా చెవికే తెలుస్తుంది.

మూడోది పొయ్యిలోకి. గ్యాసు వచ్చాక కట్టె ఎవరికి కావాలి అనుకుంటాం గానీ, మా చుట్టుపక్కల అయిదారిళ్ళలో ఇప్పటికీ వేణ్ణీళ్ళు కట్టెల మీదే కాస్తారు. టిఫిను బండ్ల వాళ్ళు, పెళ్ళిళ్ళకు వండేవాళ్ళు కూడా అడుగుతారు. ఇక్కడ పొడవుతో పని లేదు. చేతి లావు నుంచి తొడ లావు దాకా ఉన్న కొమ్మలు అడుగు, అడుగున్నర ముక్కలైతే చాలు. ఇవ్వడం తేలిక, ఎవరికి వాళ్ళే వచ్చి మోసుకుపోతారు. కానీ వేప విషయంలో అడిగి ఇవ్వండి. అమ్మవారి చెట్టని కొందరు పొయ్యిలో పెట్టరు. మొహమాటానికి తీసుకుని తర్వాత ఏం చేయాలో తెలియక గోడ పక్కన పడేసుకుంటారు. సన్నకొమ్మలు, రెమ్మలు ఎలాగూ వీళ్ళకే. ఆకు మేకలవాళ్ళకు చెబితే సాయంత్రానికల్లా ఒక్కటి మిగలదు.

ఇక "కూలి వద్దు, కట్టె మాది" అని వచ్చేవాళ్ళు. పని ఒక్క రోజులో అయిపోతుంది, చేతి నుంచి పైసా పోదు. తొందరలో ఉన్నవాళ్ళకు అదే నయం, తప్పు పట్టను. కానీ అది ఇవ్వడం కిందికి రాదు, కూలి కిందికి వస్తుంది. మానుకు చేవ ఉన్న చెట్టైతే కూలి విడిగా ఇచ్చి కట్టె మీ దగ్గర ఉంచుకోమనే చెబుతాను. ఇటుక బట్టీకి పంపడం గురించి కూడా ఒకరు అడిగారు. లారీ లోడు ఉంటే సరే, ఒక్క చెట్టుకు వాళ్ళు రారు.

ఎవరికిచ్చినా కాగితం సంగతి మర్చిపోకండి. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద మన రెండు రాష్ట్రాల్లోనూ సొంత పెరట్లో చెట్టైనా కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. దుంగను రోడ్డెక్కిస్తే దారిలో ఆపి పర్మిట్ అడగొచ్చు. సరుగుడు, నీలగిరి లాంటి వాటికి ఉండే సడలింపు అన్ని చెట్లకూ ఉండదు. మీ ఫారెస్టు రేంజి ఆఫీసులో చెట్టు పేరు చెప్పి అడిగితే ఏమేం కావాలో చెబుతారు. ఊరికే ఇచ్చిన దుంగ కోసం పుచ్చుకున్నవాళ్ళు జరిమానా కట్టే పరిస్థితి రాకూడదు. ఆ కాగితం నకలు దుంగతో పాటు వాళ్ళ చేతిలో పెట్టండి.

మేం చివరికి చేసింది ఇదీ. కొట్టే రోజు పొద్దున్నే నిచ్చెన వేసుకుని సుద్దముక్కతో మాను మీద ఎనిమిది అడుగుల దగ్గర గీత గీశాను. లావు కొమ్మల మీద మూడడుగులకో గీత. రంపం పట్టిన అబ్బాయికి టీ ఇచ్చి, గీతలన్నీ ఒకసారి చూపించాను. "ఇట్టా ముందే చెబితే మాకూ సుఖమే అమ్మగారూ, ఎవరూ చెప్పరు" అన్నాడు. దుంగ అక్క వాళ్ళింటికి, లావు కొమ్మలు రుద్రభూమికి, సన్నవి వీధిలోకి. రుద్రభూమి కట్టెను మాత్రం జ్యేష్ఠం దాకా మా పెరట్లోనే ఆరబెట్టి, తొలకరి పడకముందే ట్రాక్టరు మీద పంపాం.

శ్రావణంలో ముసురు పట్టిన రోజుల్లో అక్కడి కాపరి బజార్లో ఎదురుపడ్డాడు. "నిన్న ఒక ముసలాయనకి మీ వేప పెట్టామమ్మా. అంత వానలోనూ డీజిలు చుక్క పోయలేదు" అన్నాడు.