ఇసుకలో యాంకరు బలం: పెట్టెలో నమూనా, సెంట్రిఫ్యూజ్, నిజస్థలంలో పరీక్ష – ఏది మేలు?

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి గాలులు వీచే ఒడిశాలోని గంజాం తీరపు ఇసుకలో టవరుకో, గోడకో యాంకరు (కట్టడం పైకి లేవకుండా, ఒరిగిపోకుండా నేలలో పాతి పట్టి ఉంచేది) వేసేటప్పుడు అది ఎంత బలాన్ని ఆపగలదో ముందే తెలియాలి. బరంపురం, ఛత్రపురం ప్రాంతాల్లో ఇంజినీరింగ్ చదివే మన పిల్లలకు సులువుగా దొరికే సాధనం ఇసుక పెట్టె. అందులో పలకను పాతి, పైకి లాగి, వచ్చిన బలాన్ని పలక వైశాల్యంతోనూ, లోతుతోనూ, ఇసుక ఏకాంక భారంతోనూ (ఘనమీటరు ఇసుక బరువుతోనూ) భాగించి, ఆ గుణకాన్నే అసలు యాంకరుకు వాడేయడం పరిపాటి. ఈ పద్ధతి ప్రమాదకరమని నా దృఢాభిప్రాయం.

50 మిల్లీమీటర్ల పలకను 200 మిల్లీమీటర్ల లోతున పాతితే, ఘనమీటరుకు 16 కిలోన్యూటన్ల ఇసుకలో దానిపై ఉండే ఒత్తిడి సుమారు 3.2 కిలోపాస్కల్స్ మాత్రమే. అదే నిష్పత్తిలో మీటరు పలకను నాలుగు మీటర్ల లోతున పాతితే అది 64 అవుతుంది. గట్టిగా కుదించిన ఇసుక తక్కువ ఒత్తిడిలో కోతకు గురైనప్పుడు (అంటే పొరలు ఒకదానిపై ఒకటి జారినప్పుడు) ఎక్కువగా ఉబ్బుతుంది, దానితో ఆ జారుడును ఇసుక ఎంత నిరోధిస్తుందో చెప్పే గరిష్ఠ ఘర్షణ కోణమూ పెరుగుతుంది. అందుచేత చిన్న పలక చూపే గుణకం పెద్ద పలకకు రాదు. పెట్టె ఫలితాన్ని నేరుగా నమ్మితే లెక్క అభద్రత వైపే తప్పుతుంది. వదులు ఇసుకలో ఈ తేడా తక్కువ.

నమూనాను వేగంగా గుండ్రంగా తిప్పి దాని బరువు పెరిగినట్టు చేసే యంత్రమైన సెంట్రిఫ్యూజ్ ఈ లోపాన్ని చాలావరకు సరిచేస్తుంది. నమూనాను గురుత్వానికి 20 రెట్ల త్వరణంలో తిప్పితే 50 మిల్లీమీటర్ల పలక మీటరు పలకకు సమానమవుతుంది, ఒత్తిళ్లు అసలువాటితో సరిపోతాయి, కొలిచిన బలాన్ని 400తో గుణించాలి. ఐఐటీ బొంబాయిలో నాలుగున్నర మీటర్ల వ్యాసార్ధంగల పెద్ద సెంట్రిఫ్యూజ్ ఉంది. అయితే రేణువుల పరిమాణం మారదు కనుక, కోత జరిగే సన్నటి పొర మందం నమూనాతోపాటు చిన్నదవదు, ఇసుక క్రమంగా విఫలమయ్యే తీరు కూడా పూర్తిగా సరిపోదు. పలక వెడల్పు సగటు రేణువుకు కనీసం 30 రెట్లు ఉండాలని సాధారణంగా పాటిస్తారు.

నేలలో రంధ్రం చేసి గ్రౌటు (పల్చటి సిమెంటు ముద్ద) పోసి చేసే యాంకర్ల సంగతి ఇంకా జటిలం. వాటి బలం పక్కల మీద రాపిడిలో ఉంటుంది. ఇసుక ఉబ్బబోతే చుట్టూ ఉన్న నేల అడ్డుకుంటుంది, దానితో యాంకరుపై అదనపు ఒత్తిడి పుడుతుంది. ఆ అదనం యాంకరు వ్యాసానికి విలోమానుపాతంలో ఉంటుంది. నేల దృఢత్వం, ఉబ్బు సమానమే అనుకుంటే, 20 మిల్లీమీటర్ల నమూనాలో అది 150 మిల్లీమీటర్ల యాంకరులో కంటే ఏడున్నర రెట్లు. ఉబ్బు రేణువుల మీద ఆధారపడుతుంది కాబట్టి సెంట్రిఫ్యూజ్ దీన్ని తొలగించలేదు.

అందుకే గ్రౌటు యాంకర్లకు నిజస్థలంలో జాకీతో లాగి చూడడమే మేలు. అందులో శ్రమ, ఖర్చు ఎక్కువ. జాకీ ఆనే దూలం కాళ్లు యాంకరుకు దగ్గరగా ఉంటే నేలను నొక్కి ఫలితాన్ని పెంచుతాయి. పైపొరల్లోని తడి ఇసుకకు నీటి చూషణ వల్ల వచ్చే తాత్కాలిక బలం వానాకాలంలో తగ్గుతుంది కనుక, పొడి కాలపు ఫలితాన్ని ఏడాది పొడవునా ఉండే బలంగా తీసుకోకూడదు.

మన తీరానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఛత్రపురం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. క్వార్ట్జ్ సాపేక్ష సాంద్రత 2.65 అయితే ఇల్మనైట్‌ది దాదాపు 4.7. ఇసుకను పైనుంచి రాల్చి పెట్టె నింపేటప్పుడు ఇవి వేరుపడే అవకాశం ఉంది కాబట్టి ప్రతి పొర బరువునూ కొలవాలి.

పలక యాంకరు గుణకం కావాలంటే సెంట్రిఫ్యూజ్‌కు, గ్రౌటు యాంకరు బలం కావాలంటే జాకీకి నా ఓటు. ఇసుక పెట్టెను మాత్రం వదలకూడదు: పగులు ఏ కోణంలో సాగుతుందో, పక్కపక్కన ఉన్న రెండు యాంకర్లు ఒకదాని బలాన్ని మరొకటి ఎలా తగ్గిస్తాయో కంటితో చూపేది అదే. సాంద్రతను తగ్గించి ఉబ్బును అసలు ఒత్తిడిలోని ఉబ్బుకు సరితూచి పరీక్షిస్తే, ఆ పోలికలు ఇంకా నమ్మదగినవవుతాయి.