మట్టి హుండీయా, పోస్టాఫీసు పుస్తకమా?

తిరుపతి పిల్లలకు హుండీ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మట్టి హుండీలో రూపాయి వేస్తే చప్పుడు వినిపిస్తుంది, బరువు చేతికి తెలుస్తుంది. చిన్న తరగతులకు అది చాలు. కానీ ఏడాది తర్వాత పగలగొడితే వేసినంతే వస్తుంది, పెంకులు అదనం!

బడిలో డబ్బు పాఠం చెప్పాలంటే నేను పాసుపుస్తకం వైపే. పోస్టాఫీసు పొదుపు ఖాతా 500 రూపాయలతో తెరవవచ్చు. పదేళ్లు నిండితే పిల్లలే సొంతంగా నడుపుకోవచ్చు. వడ్డీ 4 శాతం. వెయ్యి రూపాయలు ఏడాదంతా కదపకుండా ఉంచితే నలభై వస్తాయి. డబ్బు తీసుకునే తేదీ కూడా ముఖ్యమే: నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ లెక్క. "నలభయ్యేనా సార్?" అని ఆరో తరగతి పిల్లవాడు మొహం చిట్లిస్తే సంతోషించాలి. ఆ వడ్డీ పెరిగే ధరలకు సరిపోతుందో లేదో వాడే తేల్చుకునేలా, నిరుడు నూనె ప్యాకెట్టు ఎంత, ఇప్పుడెంత అని అమ్మను అడిగి రమ్మనాలి.