నాయనమ్మ యాత్రల ఫొటో పుస్తకం: అచ్చు పనిపై సమీక్ష

కాశీ, గయ, రామేశ్వరం, బదరీనాథ్ చూసి, ముదిమిలో మనుమరాలి పురిటికి డాలస్ దాకా వెళ్లివచ్చిన మా నాయనమ్మ సంవత్సరీకానికి బంధువులకు పంచడానికి, రాజమహేంద్రవరంలోని ఒక ముద్రణాలయంలో ఫొటో పుస్తకం వేయించాము. 1967 గోదావరి పుష్కరాల నాటి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోగా, దానిని ఊడదీయకుండా అద్దంతోనే స్కాన్ చేసి, ముక్కుపుడక మెరుపు సైతం పోకుండా అచ్చువేసిన పనితనం మెచ్చుకోదగినది. కాగితం మందంగా, నిగనిగలు లేకుండా ఉంది. గయలో ఆమె వదిలినది తనకెన్నడూ నచ్చని కాకరకాయేనన్న వ్యాఖ్యను (అది నిజమే) చక్కగా అమర్చారు. అయితే ప్రూఫులో సరిగ్గా ఉన్న శ్రీశైలం పేరు అచ్చులో ఒత్తు విడిపోయి వచ్చింది. అడిగితే ఆ పుట తిరిగి వేసిచ్చారు గాని, అప్పటికే సగం ప్రతులు పంచేశాము. ధర కొంత ఎక్కువే. తెలుగు అచ్చును దగ్గరుండి సరిచూసుకోగలవారు ఇక్కడ పని ఇవ్వవచ్చు.