స్టాండర్డ్ హెరాల్డ్ కారులో డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాక: చెన్నైలో ఏళ్ల తరబడి వాడి రాస్తున్న సమీక్ష

ముందే చెప్పేస్తాను. నా పాత కారులో బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో తీసి, అదే పని చేసే కొత్త తరం ఆల్టర్నేటర్ పెట్టించినందుకు నాకు సంతోషమే. కానీ నా బండి ఛార్జింగ్ జబ్బు కుదిర్చింది అది కాదు. దాన్ని కుదిర్చింది ఒక మల్టీమీటరు, రెండు లావు ఎర్త్ కేబుళ్లు (కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి), కాస్త సాండ్‌పేపరు. ఆ తర్వాత పాత డైనమోతోనే చాలాకాలం నిశ్చింతగా తిరిగాను. ఆల్టర్నేటర్ ఆలోచన వేరే అవసరంతో వచ్చింది. ఈ రెండిటినీ కలిపేసి, లైట్లు మందగించగానే "డైనమో వేస్టండీ, మార్చేయండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి ఇది రాస్తున్నాను.

బండి 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్. 948 సీసీ ఇంజన్. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి మద్రాసులోనే తయారు చేసిన కారు. దీని డైనమో, కటౌట్ (డైనమో వోల్టేజీని అదుపు చేస్తూ, దాన్ని బ్యాటరీకి కలిపే-విడదీసే డబ్బా) లాంటి లూకాస్ బ్రాండు సామాను మన పాడిలోని లూకాస్ టీవీఎస్‌ది, ఆ కంపెనీ పుట్టిందీ 1961లోనే. ఇంటి ముందు తయారైన కారుకి సామాను కోసం ఇప్పుడు ఊరంతా తిరగాల్సి రావడం వేరే కథ.

జబ్బు లక్షణాలు ఇవీ. పగలు బాగానే నడిచేది. నవంబరు వానల్లో సాయంత్రం జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు ఎక్కితే వైపర్లు ఈడ్చుకుంటూ తిరిగేవి, హెడ్‌లైట్లు పసుపు రంగుకి దిగేవి, పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగిపోయేది. డాష్‌బోర్డులో ఎర్ర లైటు పగలు ఆరినట్టే ఉండేది. చీకట్లో చూస్తే సన్నగా వెలుగుతూనే ఉండేది. ఒక షాపువాళ్లు బ్యాటరీ మార్చారు, అది దిగిపోతే మళ్లీ ఇంకోటి అంటగట్టారు. మీటరు పెట్టి చూసినవాళ్లు లేరు.

ఆ సన్నటి ఎర్ర వెలుగులో చాలా సమాచారం ఉంది. ఆ బల్బుకి ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ దగ్గర, అంటే బ్యాటరీ వైపు ఉంటుంది. రెండో కొస డైనమో వైపు. రెండు వైపులా వోల్టేజీ సమానమైతేనే అది పూర్తిగా ఆరుతుంది. బండి పరుగెడుతున్నా మిణుకుమంటోందంటే డైనమో కరెంటు తయారు చేస్తోంది గానీ దారిలో ఎక్కడో తరుగుతోందన్నమాట. కటౌట్ కాంటాక్టులు మసిబారినా ఇలాగే ఉంటుంది.

డైనమోని విడిగా పరీక్షించడం ఇంట్లోనే అవుతుంది. దాని వెనక పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లూ పీకి, ఆ రెండు టెర్మినళ్లనీ చిన్న వైరు ముక్కతో కలపాలి. మీటరు ఒక కొస అక్కడ, రెండోది డైనమో ఒంటి మీద. ఐడిలింగ్ నుంచి యాక్సిలరేటర్ మెల్లగా పెంచితే 1000 ఆర్‌పీఎం వచ్చేలోపు ముల్లు 20 వోల్టుల దాకా చకచకా ఎక్కాలి. అంతకు మించి రేస్ చేయకూడదు. ఒక వోల్టు లోపే ఆగిపోతే ఫీల్డ్ కాయిల్‌ని (లోపల కదలకుండా ఉండే తీగచుట్ట) అనుమానించాలి, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్‌ని (తిరిగే తీగచుట్ట). నాది చక్కగా ఎక్కింది. అయినా నమ్మకం కోసం చెన్నైలో పాత బండ్ల సామాను దొరికే పుదుపేటలో వైండింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విప్పి, కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి చక్రం) గీతల మధ్య పేరుకున్న కార్బన్ గీకి, బ్రష్‌లు మార్చి, తమిళం కలిసిన తెలుగులో "డైనమో తప్పేం లేదు సార్, ఎర్త్ చూడండి" అన్నారు. వెనక బుష్‌కి ఉన్న చిన్న రంధ్రంలో అప్పుడప్పుడూ రెండు మూడు చుక్కల నూనె వెయ్యమని కూడా చెప్పారు. డైనమో ఉన్నవాళ్లలో ఆ రంధ్రం సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఎర్త్ చూడ్డానికి ఇంజన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా బ్యాటరీ ఎర్త్ పోస్టుకీ డైనమో ఒంటికీ మధ్య మీటరు పెట్టాను. అక్కడ దాదాపు సున్నా ఉండాలి, మహా అయితే 0.2. నాకు ఒక వోల్టు దాకా చూపించింది. అంటే కటౌట్ తన దగ్గర 14 వోల్టులు ఉన్నాయి చాల్లే అనుకుని తగ్గించేస్తోంది, బ్యాటరీకి చేరేది 13. ఆ లెక్కన ఎంత కొత్త బ్యాటరీ అయినా నిండదు.

హెరాల్డ్‌కి ఈ బాధ ఎక్కువ, కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ కూడా ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. ముందు బానెట్టు మొత్తం హెడ్‌లైట్లతో సహా ముందుకి వాలుతుంది. ప్రతి కీలు దగ్గరా, ప్రతి బోల్టు కిందా తుప్పో పెయింటో చేరితే ఎర్త్ తెగినట్టే. అందంగా కొత్త పెయింటు వేయించిన బండ్లలో లగ్గు (కేబుల్ కొసన ఉండే బిగింపు రింగు) కింద పెయింటు మిగిలిపోయి తలనొప్పి మొదలవుతుంది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి బాడీకి కొత్త కేబుళ్లు వేయించి, లగ్గుల కింద రేకు మెరిసేదాకా గీకించాను. కటౌట్‌లో రెగ్యులేటర్ కాంటాక్టుల్ని సన్నటి కార్బోరండం రాయితో రుద్దవచ్చు. అదే డబ్బాలో బ్యాటరీకి కలిపే-విడదీసే కటౌట్ కాంటాక్టులు వెండివి, వాటికి సన్నటి గ్లాస్ పేపర్ మాత్రమే. ఎమరీ పేపరు తగలకూడదు.

దీంతో ఎర్ర లైటు పూర్తిగా ఆరింది, లైట్లు తెల్లబడ్డాయి, బ్యాటరీ నిలబడింది. ఆదివారం పొద్దున ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్లొచ్చేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. నిజంగానే ఇంకేం అక్కర్లేదు.

నేను ఆగకపోవడానికి కారణం నా వాడకం. రాత్రుళ్లు నెల్లూరు వెళ్లాలి, తిరిగి ఊళ్లోకి రావాలంటే ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలి. లెక్క చూడండి: 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే ఏడున్నర ఆంపియర్లు, ఇగ్నిషన్‌కి మూడు, వైపర్లకి రెండు మూడు, వెనక లైట్లూ మిగతావీ ఇంకో రెండు. ఇంచుమించు పదిహేను. పాత లూకాస్ డైనమోలు రకాన్ని బట్టి 19 నుంచి 22 ఆంపియర్లు ఇస్తాయి, అదీ బండి పరుగెడుతున్నప్పుడు. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వవు. కత్తిపారా కూడలి దగ్గర ట్రాఫిక్‌లో అరగంట నిలబడితే ఆ పదిహేనూ బ్యాటరీలోంచే పోతాయి. దీనికి రిపేరు లేదు, దాని స్వభావమే అంత.

అందుకే మారుతి 800కి వచ్చే చిన్న ఆల్టర్నేటర్ వేయించాను. బ్రాకెట్ కొంచెం మార్చాలి, కప్పీలు ఒకే వరసలోకి రావాలి. మా బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బండి ఇనుముకి కలిపి ఉంటుంది), ఆ కాలం లూకాస్ బండ్లలో చాలావాటికి అంతే. ఆల్టర్నేటర్‌కి నెగటివ్ ఎర్త్ కావాలి కాబట్టి బ్యాటరీ తిప్పి పెట్టి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు రెండూ ఒకదానికొకటి మార్చాలి. పాత రేడియో ఉంటే దాన్ని ముందే విప్పేయాలి. ఇక ఖర్చుకి వెనకాడకూడనిది ఒక్కటే: ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 10 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు, మధ్యలో ఫ్యూజు. అరవై ఏళ్ల నాటి వైరు మీద ఆ బరువు పెట్టే మెకానిక్‌కి బండి ఇవ్వకండి.

వాడకంలో తేలినవి చెబుతాను. ఐడిలింగ్‌లో లైట్లన్నీ వేసినా 13.6 వోల్టుల కిందికి దిగలేదు, పరుగులో 14.2 దగ్గర కదలకుండా ఉంటుంది. లైటర్ సాకెట్లో పెట్టే చవక డిజిటల్ మీటరు దీనికన్నా 0.3, 0.4 వోల్టులు తక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. వానాకాలం రాత్రి ప్రయాణం ఇప్పుడు మామూలు ప్రయాణం. ఎల్‌ఈడీ బల్బులు కూడా ఇప్పుడు నేరుగా పెట్టుకోవచ్చు. పాజిటివ్ ఎర్త్ మీద చాలావరకు వెలగవు.

నచ్చనివీ ఉన్నాయి. ఎర్ర లైటు బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు అందక ఛార్జింగే మొదలుకాదు, కాబట్టి డిక్కీలో ఒక స్పేర్ బల్బు ఉంచుతాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి "ఛార్జింగ్ ఉందో లేదో చూద్దాం" అనే పాత మెకానిక్‌ల అలవాటు దీని డయోడ్లను (కరెంటుని ఒకే దిక్కుకి పోనిచ్చే చిన్న భాగాలు) క్షణంలో కాల్చేస్తుంది. ఎవరి చేతికి బండి ఇచ్చినా నేను పక్కన నిలబడాల్సి వస్తోంది. పైగా బానెట్టు ఎత్తితే ఆ వెండి రంగు ముద్ద కంటికి గుచ్చుకుంటుంది. కటౌట్ డబ్బాని మాత్రం అలంకారానికి అక్కడే ఉంచాను, డైనమోని గుడ్డలో చుట్టి దాచాను.

ఒక ఇబ్బంది ఇంకా తీరలేదు. వానలో తడిసి బండి తీయగానే బెల్టు కీచుమంటోంది. ఆల్టర్నేటర్ కప్పీ చిన్నది, బెల్టు దాన్ని చుట్టుకునే భాగం తక్కువ. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగేలా బిగించినా రెండు నిమిషాలు అరిచి ఊరుకుంటోంది. పుదుపేటలో కాస్త పెద్ద కప్పీ కోసం చెప్పి ఉంచాను.