‘పాతది కదక్కా’ అంటూ ఉంగరం అమ్మే మనిషితో జాగ్రత్త (హనుమకొండ, వరంగల్ వాళ్ళు తప్పక చదవండి)

పాత నగలు కొనే అలవాటున్న వాళ్ళ కోసం రాస్తున్నాను. నేను మోసపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ మనిషి ఇంకో ఇంటి మెట్లెక్కే లోపు చెప్పాలి కదా.

కాక్‌టెయిల్ రింగ్ అంటారే, వేలి మీద సగం చోటు ఆక్రమించే పెద్ద ఉంగరం. నడుమ శనగగింజంత పచ్చ, చుట్టూ రెండు వరుసల వజ్రాలు, అంచున మళ్ళీ చిన్న పచ్చలు. తెలిసినవాళ్ళకు తెలిసినావిడ నయీంనగర్‌లో మా ఇంటికే తెచ్చింది. "మా అత్తమ్మ వాళ్ళ అమ్మది అక్కా, నిజాం కాలం నాటిది. పిల్ల కాలేజీ ఫీజు కోసం అమ్ముకుంటున్నం" అంది. సద్దుల బతుకమ్మ ఇంకో పది రోజుల్లో ఉంది. పద్మాక్షి గుట్ట దగ్గర ఆ ఉంగరం పెట్టుకుని చప్పట్లు కొడుతున్నట్టు నాకు అప్పుడే కళ్ళ ముందు కనిపించింది. బేరం కూడా సరిగా ఆడలేదు.

అలాగని ఏమీ అడగకుండా కొనలేదు. ఏది అడిగినా ఒకటే జవాబు. హాల్‌మార్క్ (బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర) లేదేం? "పాతది కదక్కా." నిజమే, మన దేశంలో బంగారానికి హాల్‌మార్క్ మొదలైందే 2000లో. బిల్లు? "పాతది కదక్కా." రాళ్ళ వెనకాల రేకుతో మూసేశారేం? "పాత పని గట్లనే ఉంటది." ఇదీ పూర్తిగా అబద్ధం కాదు, కుందన్ పనిలో రాయి కింద రేకు పెడతారు. ఇలా సగం సగం నిజాలు కాబట్టే నమ్మాను. పైగా పెన్ను లాంటి డైమండ్ టెస్టర్ తెచ్చి ప్రతి తెల్లరాయి మీదా పెట్టింది, అది కుయ్ కుయ్‌మంది. నా టెన్షన్ అక్కడితో పోయింది.

ఉంగరం తూకం 13 గ్రాములు. మొత్తం బరువుకీ 22 క్యారెట్ల బంగారం లెక్క కట్టి, రాళ్ళకు మళ్ళీ వేరే రేటు వేసి, తగ్గించి 1,95,000 అంది. అంతా నగదే కావాలంది. ఇచ్చేశాను.

ఉంగరం కొంచెం వదులైందని బట్టలబజార్ వైపు ఉన్న మా పాత కంసాలి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బిడ్డా, ఇండ్ల పచ్చ లేదు, పచ్చరంగున్నది" అన్నాడు.

ఆ మాట తర్వాత ఆయన నాకు చాలా నేర్పాడు. అసలు పచ్చలో సన్నని పగుళ్ళు, పొరలు కనిపించడం మామూలే. మధ్యలో గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే మాత్రం అది గాజు. నా ఉంగరంలో పెద్ద రాయిలోనే మూడు బుడగలున్నాయి, అద్దంలోంచి నాకూ చూపించాడు. తెల్లరాళ్ళు మొయిసనైట్, అంటే చూడ్డానికి వజ్రంలాగే ఉండే వేరే రాయి. ఆ పెన్ను టెస్టర్ రాయి వేడిని ఎంత తొందరగా లాగేస్తుందో మాత్రమే చూస్తుందట. మొయిసనైట్ కూడా దాదాపు వజ్రంలాగే లాగుతుంది కాబట్టి దానికీ మోగుతుంది. రాయిని కాస్త వంచి చూస్తే వెనక గీతలు రెండేసి కనబడతాయి, వజ్రంలో అలా కనబడవు. "చేత్తో సాన పట్టిన కాలపు రాళ్ళయితే అన్నీ ఇట్ల అచ్చు గుద్దినట్టు ఉంటయా?" అని కూడా అడిగాడు. నేనేం చెప్తాను?

నన్ను అడిగి రాళ్ళన్నీ విప్పి తూచాడు. బంగారం 11.4 గ్రాములే. బీఐఎస్ (హాల్‌మార్క్ వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌లో మామూలు జనం తెచ్చిన నగకు కూడా పరీక్ష చేస్తారు. నా దగ్గర 200 రూపాయలు తీసుకున్నారు. వచ్చింది 58.5 శాతం, అంటే 14 క్యారెట్లు. ఆవిడ లెక్క ప్రకారం దాదాపు 11.9 గ్రాముల మేలిమి ఉండాలి, ఉన్నది 6.7. అసలు 22 క్యారెట్లు మెత్తన, ఇన్ని రాళ్ళను కొక్కేలతో పట్టి ఉంచాల్సిన ఉంగరం ఎక్కువగా 18లోనో 14లోనో చేస్తారట. ఆవిడ 22 క్యారెట్లు అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

షాపులో కొత్తది కొన్నా ఒకటి చూసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయిన హెచ్‌యూఐడీని (ఒక్కో నగకు విడిగా వేసే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే నంబర్) బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే బంగారం సంగతే తెలుస్తుంది. రాళ్ళకు దానితో సంబంధం లేదు, వాటికి ల్యాబ్ సర్టిఫికెట్ వేరే అడగాలి. మా వదిన ఇన్నాళ్ళూ అదే రాళ్ళకూ గ్యారంటీ అనుకుంటోంది.

గట్టిగా అడిగితే ఆవిడ 40,000 తిరిగి ఇచ్చింది, తర్వాత ఫోన్ స్విచాఫ్. పోలీసులకు కాగితం రాసిచ్చాను. బిల్లు లేదు, డబ్బు నగదు. వాళ్ళు మాత్రం ఏం పట్టుకుని వెతుకుతారు?

ఆవిడ సంచిలో పచ్చల కమ్మలు, ఇంకో రెండు ఉంగరాలు కూడా చూశాను. అన్నీ అంచులు చిరిగిన ఆకుపచ్చ మఖమల్ డబ్బాల్లో ఉన్నాయి, లోపల మడత పెట్టిన ఉర్దూ కాగితం ముక్క. ఆ డబ్బా మీ ఇంటికి వస్తే, డబ్బు తీసే ముందు మన కంసాలి దగ్గరికి పోదాం రమ్మనండి. వస్తుందో రాదో చూడండి.